పది అంటే పదే

బ్ర్నో ఊరిచివర, ట్రాము వెనక్కి తిరిగే చోట
ఆదివారం పొద్దున్నే పాత ఇనుము అమ్ముతారు.
నేలమీద దుప్పట్లు, దుప్పట్లమీద ఆకురాళ్ళు,
పిడి ఊడిన సుత్తులు, తుప్పుకి నోరు కరుచుకుపోయిన పట్టకార్లు,
ఎవరివో కట్టుడు పళ్ళు కూడా.

నేను బడి వంటశాలలో పనిచేస్తాను.
ఇరవై రెండేళ్ళుగా నాలుగొందల మంది పిల్లలకి
నా గరిటే కొలత.
మొన్న చలికాలం, నేలమాళిగలో మా వాటా గదిలోకి
ఒక చిన్న లేతు మిషను దించాం,
నేనూ మా మరదలు ద్రహొమీరా,
మూడు మెట్లకోసారి ఆగి, దాన్నీ ఒకరినొకరూ తిట్టుకుంటూ.
"ఎందుకొదినా నీకిది?" అంది.
తెలిస్తే చెప్పనూ!

వ్రాతిస్లావ్ గారి దుప్పటి ఇస్త్రీ చేసి ఉంది.
ముప్పై ఏళ్ళు బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీదారట.
"వద్దనడమే నా పని" అన్నాడు, "అందుకే జీతమిచ్చారు."
నాకు ముందున్న కుర్రాడు మైక్రోమీటరు తీసుకుని
నట్టు బిగించినట్టు బిగించాడు.
ముసలాయన మెల్లగా వాడి చేతిలోంచి లాక్కుని
"ఇది అమ్ముడైపోయింది" అన్నాడు.
అది మళ్ళీ దుప్పటి మీదికే వచ్చింది.

నాకో సిగరెట్టు కాగితం ఇచ్చి, కొలవమన్నాడు.
వేలికొసలతో తిప్పాను.
పిండి సాగదీస్తుంటే, ఇంకొక్క ఒత్తు వేస్తే చిరుగుతుందని
వేలికి ముందే తెలుస్తుంది చూడండి,
అక్కడ ఆగాను. టిక్కుమంది.
ఆయన అంకె చూడలేదు, నా మణికట్టు చూశాడు.
"వంటమనిషివా?"
చెయ్యి చూసి చెప్పేశాడే అని మురిసిపోయాను.
"ఉల్లిపాయ వాసన" అన్నాడు.

అదీ, ఒక వెర్నియరూ కొన్నాను.
వైసు డబ్బులు వచ్చేవారానికి దాచాను.

ఆ వారం ఇంట్లో దేన్నీ వదల్లేదు.
తాళంచెవి, గరిటె అంచు, సూపులోకి కోసిన నూడుల్సు,
నా తల వెంట్రుక, ద్రహొమీరా తల వెంట్రుక.
వెంట్రుకవాసి అంటారు గాని, ఎవరి వెంట్రుక?
ఆమెకీ నాకూ రెండు వందోవంతులు తేడా.

బుధవారం రాత్రి ఇరవై కొరూనాల బిళ్ళ పెట్టాను.
మైక్రోమీటరు ఒకటి చెప్పింది, వెర్నియరు ఇంకొకటి.
తుడిచి కొలిచాను. బిళ్ళ మార్చి కొలిచాను.
గరిటె ఒక్కటే ఉన్నన్నాళ్ళూ
మా ఇంట్లో తగువు లేదు.

"ఏది అబద్ధమాడుతోంది?" అన్నాను ఆదివారం.
ఆయన జేబులోంచి ఒక పొట్లం తీశాడు.
నూనె కాగితం మడతల్లో ఉక్కు బిళ్ళ,
అగ్గిపెట్టెలో సగం కూడా లేదు.
"ఇది ఏమీ కొలవదు. పదిగా ఉంటుంది, అంతే.
తక్కినవే దీని ముందుకొచ్చి నిజం ఒప్పుకోవాలి."
తాకనివ్వలేదు. చేతి వేడికి ఉబ్బుతుందట.
పది కూడా చెయ్యి తగిలితే పది కాకుండా పోతుందా అని నవ్వాను.
ఆయన నవ్వలేదు.
వైసు డబ్బులన్నీ అయిపోయాయి, ట్రాము డబ్బులతో సహా.
స్వ్రాట్కా ఒడ్డున నడుచుకుంటూ ఇల్లు చేరాను,
పది జేబులో, చెయ్యి జేబు బయట.

పదిని పదీ సున్నా మూడు అంది మైక్రోమీటరు.
దాని పెట్టె మూతలో, ఇన్నాళ్ళూ గీతలనుకున్నవి
దీపం దగ్గర పెడితే పెన్సిలు అక్షరాలు:
మూడు తీసెయ్.
ముసలాయనకి తెలుసు.
చెప్పలేదేం అని మరుసటి ఆదివారం అడుగుదామనుకున్నాను,
ఆ రోజు వాన పడింది, దుప్పట్లు పరవలేదు.

లేతు మీద ఇంతవరకూ ఏమీ చెయ్యలేదు.
వంటింట్లో స్టూలుకి ఒక కాలు పొట్టి,
కింద మడిచిన కాగితం అలాగే ఉంది.
ద్రహొమీరా కూర్చుంది, అది ఊగింది.
"ఇంత డబ్బు పోసి ఏం సాధించావొదినా?"
"ఒకటి పాయింటు మూడు నాలుగు" అన్నాను.
"అంటే?"
"నీ కింద ఉన్న లోటు.
మూడు తీసేసే చెప్పాను."